మనసుకు వైద్యం దండగ కాదు

ఇంట్లో ఎవరికైనా కాలు విరిగితే అప్పు చేసైనా కట్టు కట్టిస్తాం. జ్వరం మూడు రోజులు తగ్గకపోతే పనులు మానుకుని దవాఖానాకు పరుగెడతాం. అదే మనిషి నెలల తరబడి నిద్రపోక, తిండి తినక, పనికి వెళ్లబుద్ధికాక మూలన కూర్చుంటే మాత్రం "నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అంటాం. మనసు డాక్టరుకు చూపిద్దామని ఎవరైనా సలహా ఇస్తే "కూర్చోబెట్టి మాటలు చెప్పినందుకు కూడా ఫీజులా?" అని నవ్వుతాం. చాదర్‌ఘాట్ వంతెనకు అటూ ఇటూ ఉన్న బస్తీల్లో ఈ మాట వినని కుటుంబం ఉండదు. మనసు వైద్యానికి పెట్టే డబ్బు దండగ అనే ఈ అభిప్రాయం ఎంతవరకు నిజమో లెక్క వేసి చూడటం అవసరమని మేము భావిస్తున్నాం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. మానసిక చికిత్స అంటే ఉత్త ఓదార్పు కాదు, ఉపదేశం అంతకన్నా కాదు. పెద్ద జబ్బులకు మానసిక వైద్యుడు మందులు ఇస్తారు, అవి మానకుండా వాడవలసిందే. కానీ దిగులు, భయం, ఆందోళన వంటి సాధారణ బాధల్లో మాటల ద్వారా చేసే చికిత్సకు కూడా గట్టి ఫలితం ఉందని వైద్యశాస్త్రం నిర్ధారించింది. వారానికి ఒకసారి చొప్పున ఆరో, ఎనిమిదో, పన్నెండో సిట్టింగులు జరుగుతాయి. రోగి తన ఆలోచన ఎక్కడ చిక్కుపడుతున్నదో గుర్తించడం, వదిలేసిన చిన్న చిన్న పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టడం, భయపడి తప్పించుకుంటున్న వాటిని మెల్లగా ఎదుర్కోవడం నేర్చుకుంటాడు. ఫిజియోథెరపీలో కండరానికి వ్యాయామం నేర్పినట్టే ఇదీ ఒక పద్ధతి ప్రకారం సాగే శిక్షణ.

ఇక ఖర్చు సంగతికి వద్దాం. మనసు బాధ చాలాసార్లు ఒంటి బాధ వేషంలో వస్తుంది. గుండె దడ, తలనొప్పి, కడుపులో మంట, నడుము నొప్పి, నీరసం అంటూ మనిషి ఒక డాక్టరు నుంచి మరో డాక్టరు దగ్గరకు తిరుగుతాడు. గుండె దడ అన్నప్పుడు గుండె పరీక్ష చేయించుకోవలసిందే, అందులో అనుమానం లేదు. పరీక్షలన్నీ బాగున్నాయని తేలిన తర్వాత కూడా మనసు వైపు చూడకుండా మళ్లీ మళ్లీ అవే పరీక్షలు చేయించడం దగ్గరే మన డబ్బు కాలువలో పోతున్నది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది సర్వేలో తేలిన లెక్క కాదు, పాఠకులు తమ ఇంటి అంకెలు వేసుకుని సరిచూసుకోవడానికి మేము కట్టిన ఊహ మాత్రమే. ఖర్చులు పోను రోజుకు 800 రూపాయలు మిగిలే ఆటో డ్రైవరు ఒకరున్నారనుకుందాం. ఆందోళనతో నిద్రలేక నెలకు ఆరు రోజులు ఆటో తీయలేకపోయాడు. ఆరు నెలలకు 36 రోజులు, అంటే 28,800 రూపాయల సంపాదన పోయింది. ఈసీజీ, రక్త పరీక్షలు, స్కానింగులకు 4,000 అయింది. డాక్టర్ల ఫీజులు, బలం టానిక్కులు, మాత్రలు నెలకు 1,000 చొప్పున 6,000. ఎవరో నజర్ తగిలిందంటే దాన్ని దించడానికి, తావీజులకు మరో 3,000. మొత్తం 41,800 రూపాయలు. ఇందులో మనసు వైద్యానికి పెట్టింది ఒక్క రూపాయి కూడా లేదు!

అదే వ్యక్తి ప్రైవేటుగా ఎనిమిది సిట్టింగులకు వెళ్లాడనుకుందాం. సిట్టింగుకు 1,000 చొప్పున 8,000 రూపాయలు. వెళ్లిన రోజు సగం సంపాదన పోయిందనుకుంటే ఎనిమిది రోజులకు 3,200. దారి ఖర్చులు 800. మొత్తం 12,000. చికిత్స అందరికీ పని చేయదని ఎవరైనా అనవచ్చు. అది నిజమే. ఇద్దరిలో ఒక్కరికే నయమవుతుందని తక్కువగానే అంచనా వేద్దాం. ఇద్దరికీ కలిపి 24,000 ఖర్చు. నయమైన ఆ ఒక్కరు తర్వాతి ఆరు నెలల్లో తిరిగి సంపాదించుకునేది 28,800. టెస్టులు, టానిక్కుల ఖర్చు మిగలడం దానికి అదనం. ఇంత నిక్కచ్చిగా లెక్క కట్టినా మనసు వైద్యం గిట్టుబాటు వ్యవహారమే అవుతున్నది.

ఆడవారి విషయంలో ఈ నష్టం అసలు లెక్కలోకే రాదు. ఇంట్లో కూర్చుని చీరలకు జరీ పని చేసే చెల్లెలికి, కుట్టుమిషన్ మీద నాలుగు రాళ్లు సంపాదించే అక్కకు హాజరుపట్టీ ఉండదు. ఆమె చేతులు ఆగిపోయిన రోజున జీతం కోత ఎవరికీ కనిపించదు. అమ్మీ పొద్దున లేవలేకపోతే పిల్లవాడు బడి ఎగ్గొడతాడు, పెద్దమ్మాయి చదువు మాని వంటింట్లోకి వస్తుంది. ఆ అమ్మాయి మానుకున్న చదువు విలువ ఏ ఆస్పత్రి బిల్లులో కనబడుతుంది?

చాదర్‌ఘాట్ వాసులకు దిగులు పడటానికి వేరే కారణాలు వెతకనక్కర్లేదు. మూసీ నది ఒక్కటే చాలు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద కథలను ఇక్కడి కుటుంబాలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. 2020 అక్టోబరులో నది మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. 2024 అక్టోబరులో మూసీ సుందరీకరణ పేరిట ఒడ్డున ఉన్న కొన్ని ఇళ్లను కూల్చి, కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. 2025 సెప్టెంబరులో వరద మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను సైతం ముంచింది. ఇల్లు మునిగిన వారికి బియ్యం, దుప్పట్లు ఇవ్వడానికి మన యువకులు మోకాలి లోతు నీళ్లలో దిగారు. అది మన బస్తీలకు గర్వకారణమే. కానీ ఆ తర్వాత మబ్బు పట్టిన ప్రతి రాత్రీ సామాను అటక మీదకు ఎక్కించి తెల్లవార్లూ మేలుకునే మనిషి గుండెల్లోని భయానికి ఏ సహాయ శిబిరం పెట్టాం?

దేశం మొత్తం మీద చూసినా ఇదే పరిస్థితి. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. మన రెండు తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. పెద్దవారిలో 100కి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని ఆ సర్వే తేల్చింది. జబ్బును బట్టి 100కి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదు. చికిత్స కోసం, దానికి తిరగడం కోసం కుటుంబాలు నెలకు 1,000 నుంచి 1,500 రూపాయల దాకా చేతి నుంచి పెట్టుకుంటున్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 42,004 మంది దినకూలీలు. అంటే ప్రతి నలుగురిలో ఒకరు రెక్కల కష్టం మీద బతికేవారే. మనసు జబ్బు ఉన్నవారికి వచ్చే తీరిక జబ్బు అని వెక్కిరించేవారు ఈ అంకెను ఒకసారి చదవాలి.

సంపన్న దేశాలు ఈ లెక్కను ముందే వేసుకున్నాయి. బ్రిటన్‌లో ఆర్థికవేత్త రిచర్డ్ లేయార్డ్ బృందం 2006లో ఒక నివేదిక ఇచ్చింది. ఒక మనిషికి మాటల చికిత్స ఖర్చు సుమారు 750 పౌండ్లు. జబ్బుతో ఇంట్లో కూర్చున్న మనిషికి ఇచ్చే భృతి, అతను కట్టని పన్నులు కలిపితే ప్రభుత్వానికి నెలకు దాదాపు అంతే నష్టం. కాబట్టి చికిత్స వల్ల ఆ మనిషి ఒక్క నెల అదనంగా పనిచేసినా ఖర్చు రాబట్టుకున్నట్టే అని వారు వాదించారు. ఆ వాదన ప్రభుత్వానికి నచ్చింది. 2008 నుంచి దేశమంతటా వేలాది చికిత్సకులకు శిక్షణ ఇచ్చి ఉచితంగా ఈ సేవ అందిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 36 దేశాల లెక్కలు తీసి 2016లో ప్రచురించిన అధ్యయనం కూడా దిగులు, ఆందోళనల చికిత్సకు పెట్టే ప్రతి డాలరుకు ఆరోగ్యం, పని రూపంలో నాలుగు డాలర్లు తిరిగి వస్తాయని తేల్చింది.

మరి మన ప్రభుత్వాలకు ఈ లెక్క ఎందుకు పట్టలేదు? కారణం సులభంగానే అర్థమవుతుంది. బ్రిటన్‌లో మనిషి పని మానితే ఖజానాకు చిల్లు పడుతుంది. అందుకే ఖజానా మేలుకుంది. మన దగ్గర ఆటో డ్రైవరు ఆరు నెలలు మంచం పట్టినా ప్రభుత్వం భృతి ఇవ్వదు. ఆ నష్టమంతా అతని భార్య మెడలోని లచ్ఛా మీద, మహాజను దగ్గర తెచ్చిన వడ్డీ అప్పు మీద, పిల్లల బడి ఫీజు మీద పడుతుంది. ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించని నష్టం కాబట్టి దాన్ని ఆపడానికి ఏ బడ్జెట్‌లోనూ తగినంత సొమ్ము కేటాయించరు. నష్టం ఎవరి జేబులోంచి పోతున్నదో వారే లెక్క చూపి అడగాలి. మేము ఈ వ్యాసంలో చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

చట్టం మన పక్షానే ఉంది. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. ఒంటి జబ్బుకు ఇచ్చిన విధంగానే మనసు జబ్బుకూ బీమా ఇవ్వాలని అందులోని 21వ సెక్షన్ శాసించింది. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. ఆ సంస్థ 2018 ఆగస్టులో కంపెనీలన్నింటికీ ఆదేశం పంపింది. అయినా ఒక మెలిక మిగిలింది. మన బీమా పాలసీలు ఎక్కువగా ఆస్పత్రిలో చేరినవారికే డబ్బు చెల్లిస్తాయి. ఆరోగ్యశ్రీ పథకం కూడా ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలను దృష్టిలో పెట్టుకుని నిర్మించిందే. మాటల చికిత్సకు మంచం అక్కర్లేదు, ఆపరేషన్ అక్కర్లేదు. గంటసేపు కూర్చుని ఇంటికి వెళ్లిపోతారు. ఖర్చు తక్కువగా ఉండటమే దానికి శాపమైంది. ముదిరి ఆస్పత్రిలో చేరితే డబ్బు ఇస్తాం, ముదరకుండా చూసుకుంటే ఇవ్వం అన్నట్టుంది ఈ పద్ధతి.

ప్రభుత్వ దవాఖానాలు లేవా అంటే ఉన్నాయి. ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం ఉంది. మలక్‌పేటలో మెట్రో ఎక్కితే రైలు మారకుండానే నాంపల్లి మీదుగా ఎర్రగడ్డలో దిగవచ్చు. కానీ రైలు తగ్గించగలిగింది దూరాన్నే, సిగ్గును కాదు. హైదరాబాదులో "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అన్నది తిట్టుగా మారిపోయింది. ఆడపిల్ల అక్కడికి వెళ్లిందని తెలిస్తే సంబంధాలు రావని తల్లిదండ్రులు భయపడతారు. వారానికోసారి ఒక పూట కూలి వదులుకుని ఎనిమిది వారాలు తిరగడం పేదవాడికి సాధ్యం కాదు. అందువల్ల చికిత్సే బస్తీలోకి రావాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరిశోధకులు దీన్ని చేసి చూపించారు. మానసిక వైద్యంలో డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, గట్టి దిగులుతో ఉన్న రోగులకు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల కౌన్సెలింగ్ చేయించారు. మూడు నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 100కి 39 మంది తేరుకోగా, కౌన్సెలింగ్ కూడా అందినవారిలో 64 మంది తేరుకున్నారు. ఆ ఫలితాలు ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చాయి. మన పశ్చిమ గోదావరి జిల్లాలోని గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, దిగులు ఉన్నవారిని గుర్తించి డాక్టరు దగ్గరకు పంపించే ప్రయోగం జరిగింది. అంతకు ముందు అవసరం ఉన్నవారిలో 100కి ఒక్కరు కూడా వైద్యం పొందలేదు, ఆ తర్వాత 12 మందికి పైగా పొందారు. జిల్లా స్థాయి మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని కేంద్రం 1996లో మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. దారి కొత్తది కాదు, దాన్ని బస్తీ గడప దాకా వేయడమే మిగిలింది.

హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. డాక్టరు, నర్సు ఉంటారు, మందులు ఉచితం. అక్కడికి వచ్చే రోగుల్లో "నిద్ర పట్టదు, దడగా ఉంటుంది" అనేవారు ఎంతమందో ఆ డాక్టర్లనే అడగండి. అక్కడే శిక్షణ పొందిన కౌన్సిలర్‌ను వారానికి రెండు రోజులైనా కూర్చోబెట్టాలని మేము కోరుతున్నాం. ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడగలవారై ఉండాలి. ఆడవారికి ఆడవారే ఉండాలి. తలుపు వేసుకుని మాట్లాడుకునే గది ఒకటి తప్పనిసరి. అందరికీ అందరూ తెలిసిన బస్తీలో చెప్పిన మాట బయటికి పొక్కదనే భరోసా లేకపోతే ఒక్కరు కూడా నోరు విప్పరు. బీపీ, షుగరు చూపించుకోవడానికి వెళ్లే చోటికే మనసు బాధకూ వెళ్తే ఎవరు ఎందుకు వచ్చారో పక్కవారికి తెలియదు. సిగ్గుకు ఇంతకన్నా మంచి పరదా లేదు.

ఇక్కడ మన ఇళ్లలో వినిపించే ఒక సందేహానికి జవాబు చెప్పాలి. దిగులు ఈమాన్ బలహీనత వల్ల వస్తుందని, నమాజు, దువా ఉంటే డాక్టరు ఎందుకని కొందరు అంటారు. దువా విశ్వాసికి ఊరట అన్నది నిజం. అయితే జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమని బోధించినది కూడా దైవప్రవక్త (స) వారే. గుండెపోటు వచ్చినవారి ఈమాన్‌ను మనం శంకించం. మరి దిగులుపడిన వారిదెందుకు శంకించాలి? వైద్యాన్ని పూర్తిగా పక్కన పెడితే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దేశం చూసింది. దర్గా సమీపంలో నడిచే ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు కదలలేకపోయారు. 28 మంది ప్రాణాలు పోయాయి. దీనికి భిన్నంగా గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద 2008 నుంచి 'దవా, దువా' అనే కార్యక్రమం నడిచింది. అక్కడి ముజావర్లే రోగిని గుర్తించి దువాతో పాటు డాక్టరు దగ్గరకూ పంపించారు. మన నగరంలోని దర్గాల పెద్దలు ఈ ఉదాహరణను ఆలోచించాలి.

మన చరిత్రకు ఇది పరాయి విషయమూ కాదు. మనసు బాధపడితే ఒళ్లు, ఒళ్లు బాధపడితే మనసు చెడతాయని, వైద్యుడు రెండింటినీ చూడాలని అబూ జైద్ అల్ బల్ఖీ వెయ్యేళ్ల కిందటే గ్రంథం రాశారు. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో వక్ఫ్ ఆస్తులతో నెలకొల్పిన ఆస్పత్రిలో మతి చలించినవారికి వేరే విభాగం ఉండేది. నయమై వెళ్లే పేద రోగి వెంటనే కూలికి పోనక్కర్లేకుండా చేతిలో కొంత సొమ్ము పెట్టి పంపేవారని చరిత్రకారులు రాశారు. జబ్బు ఖర్చులో పోయిన కూలి కూడా ఒక భాగమని ఏడు వందల ఏళ్ల కిందటి ఆ వక్ఫ్ పెద్దలకు తెలుసు.

ప్రభుత్వం చేసేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఎన్.ఎస్. కుంటలోని మస్జిద్-ఎ-ఇస్హాఖ్ ఆవరణలో ఉచిత ఆరోగ్య కేంద్రం నడిపిన అనుభవం మన నగరానికి ఉంది. అలాంటి చోట వారానికి ఒక పూట కౌన్సిలర్‌ను పిలిపించడం ఏ మస్జిద్ కమిటీకీ మోయలేని భారం కాదు. పేదవాడి ఆపరేషన్‌కు జకాత్, సదఖా ఇచ్చే చేతులు అతని కౌన్సెలింగ్ ఫీజుకూ ఇవ్వాలి. జుమా ప్రసంగంలో ఖతీబ్ సాహెబులు నెలకు ఒక్కసారి ఈ మాట ఎత్తితే సగం సిగ్గు వదిలిపోతుంది.

ఇంటి పెద్దలకు మా విజ్ఞప్తి ఒక్కటే. మీ ఇంట్లో నిద్రపోని మనిషి ఉంటే, ఈ ఆరు నెలల్లో వారి కోసం పెట్టిన ఖర్చును, పోయిన కూలి రోజులను ఒక కాగితం మీద రాయండి. మీ బస్తీలో పది ఇళ్ల లెక్కలు అలా పోగైతే, పేర్లు లేకుండా ఆ అంకెలను మాత్రం తీసుకుని కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను కలవండి. ఆలోగా 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. బతుకు మీద విరక్తిగా ఉందని ఎవరైనా అంటే, అది ఉత్తమాట అని తీసిపారేయకుండా, వారిని ఒంటరిగా వదలకుండా ఆ క్షణమే ఆ నంబరుకు చేయించండి, లేదా దగ్గరి దవాఖానాకు తీసుకెళ్లండి. మనిషి నిలబడితే సంపాదన తిరిగి వస్తుంది, అప్పు తీరుతుంది. ముందు ఆ మనిషిని నిలబెట్టుకుందాం.